సైరన్ కొట్టిన మనిషి

మార్చి 2. ఎండ. గాలి లేదు.

ఎదురుగోడకి పోస్టరు అంటించారు. మా మునిసిపల్ చైర్మన్ బొమ్మ. రెండు చేతులూ గేటు చక్రం మీద వేసి, జుట్టంతా తడిసి, నది వైపు చూస్తున్నాడు. కింద పెద్ద అక్షరాలు. ఆ రోజు ఊరిని కాపాడాడు, రేపు రాష్ట్రాన్ని.

ఆ ఫొటో వరద తీసిన మూడో రోజు తీశారు. తల మీద చెంబుతో నీళ్ళు పోసింది నేనే. చక్రం పట్టుకోవడం కూడా ఆయనకి తెలియదు. అలా పట్టుకుని తిప్పితే బొటనవేలు విరుగుతుంది.

ముప్పయ్యొక్క ఏళ్ళు ఆనకట్ట మీద ఆ చక్రం తిప్పాను. పని మానేసి పన్నెండేళ్ళు. రోజూ రిజిస్టరు రాసిన చెయ్యి రాయకపోతే తిమ్మిరెక్కుతుంది. అందుకే ఈ పుస్తకం. ఎవరూ చదవరు. మా ఆవిడకి కళ్ళజోడు లేనిదే కనిపించదు, అది ఎక్కడ పెట్టిందో ఆవిడకే తెలియదు.

మార్చి 3. ఎండ.

కోడలు బడి నుంచి వస్తూనే చెప్పింది. చైర్మన్ ఈసారి అసెంబ్లీకి గెలిస్తే నీళ్ళ శాఖ మంత్రి అవుతాడట.

"అన్ని గేట్లూ ఆయన చేతి కిందే మామయ్యా. మీరింకా పనిలో ఉంటేనా, పెద్ద మేస్త్రీని చేసేవాడు మిమ్మల్ని" అని నవ్వింది.

నేనూ నవ్వాను. కంచం పక్కకి జరిపాను.

మార్చి 5. మబ్బు.

గేటు ఎత్తే ముందు మూడుసార్లు సైరన్ కొట్టాలి. అరగంట ఆగాలి. దిగువన ఉన్నవాళ్ళు గట్టెక్కాక ఎత్తాలి. అది రూలు. వరద రోజు రెండు నలభైకి సైరన్. మూడు పదికి గేటు. రిజిస్టరులో ఉంది.

కొట్టాను.

మార్చి 6. మబ్బు.

రెండు నలభై. మూడు పది.

మార్చి 8. ఎండ.

దిగువ వీధి టైలరమ్మ వచ్చింది. పందొమ్మిదేళ్ళుగా ఆ వీధిలోకి నేను వెళ్ళలేదు. పని పడలేదు, అంతే. ఆమె భర్త నది ఒడ్డున అద్దకం షెడ్డులో గుడ్డలకి రంగులు వేసేవాడు. వరద రోజు ఆ షెడ్డులో పోయిన ఏడుగురిలో ఒకడు.

గుమ్మం దగ్గరే నిలబడింది. మా ఆవిడ లోపలికి రమ్మన్నా రాలేదు.

"పాత కాగితం నకలు కావాలని ఆఫీసులో అర్జీ పెట్టాను పెద్దయ్యా. ఏడు నెలలు తిప్పించుకుని మొన్న ఇచ్చారు."

సంచిలోంచి జిరాక్స్ తీసింది. నా రిజిస్టరు పేజీ.

"ఈ రాత మీదేనా?"

"నాదే."

"అన్ని గళ్ళలోనూ బూడిద రంగులో పడింది. ఈ ఒక్క గడిలో నల్లగా పడింది. ఎందుకని?"

సైరన్ గడి మీద వేలు పెట్టింది. వేలి కొసన సూది గుచ్చుకున్న చుక్కలు.

"జిరాక్స్ మిషను..." అన్నాను.

"మిషను తప్పయితే పేజీ అంతా పడాలిగా. నేను బట్టలు కుట్టేదాన్ని పెద్దయ్యా. మధ్యలో దారం మారిస్తే నా కంటికి తెలిసిపోతుంది."

"పెన్సిలు విరిగింది."

"విరిగి మళ్ళీ అతుక్కుందా? దీని కింది గడి మళ్ళీ పెన్సిలే."

గడప వైపు చూస్తూ నిలబడ్డాను. ఆమె కాగితం మడిచి లోపల పెట్టుకుంది.

"పద్దెనిమిదో తారీఖున లైబ్రరీ హాల్లో మీటింగు. చైర్మన్ గారిని ఎవరైనా ఏదైనా అడగొచ్చంట. ఇంత పెద్ద పదవికి నువ్వు తగుదువా అని నేను అడుగుతాను. సైరన్ సంగతి అడుగుతాను. మీరూ రండి."

వెళ్ళాక మా ఆవిడ అడిగింది, "ఏమంటుంది?"

"ఏం లేదు. ఏదో కాగితం."

"చెమటలు పట్టేశాయి మీకు."

ఎండగా ఉంది కదా.

మార్చి 9. మబ్బు.

వానలో పెన్సిలే వాడతాం. సిరా తడికి అలుక్కుపోతుంది. గేటు పని నేర్పేవాడు మొదటి రోజు చెప్పే మాట అదే. వాన వెలిసి ఎండ వచ్చాక పెన్ను తీస్తాం. అలవాటు. మర్నాడు బాగా ఎండ కాసింది. చెయ్యి దానంతటదే జేబులోంచి పెన్ను తీసింది.

ఇది రాసి ఉండాల్సింది కాదు.

సైరన్ కొట్టాను. ఆ రోజు గాలి ఎక్కువ. దిగువకి వినిపించి ఉండదు.

మార్చి 11. ఎండ. గాలి లేదు.

చైర్మన్ దగ్గర ఒక మనిషి ఉన్నాడు. ఎండకీ వానకీ ఆయన నెత్తిన గొడుగు పట్టుకు తిరుగుతాడు. ఊరంతా వాణ్ణి గొడుగు అనే పిలుస్తారు. ఇవాళ పొద్దుట వచ్చి ఎదురుగా సైకిలు షాపు అరుగు మీద కూర్చున్నాడు. వాడికి సైకిలు లేదు. నేను పళ్ళు తోముకుంటుంటే చూశాడు. తువ్వాలు ఆరేస్తుంటే చూశాడు.

మా ఆవిడ చెంబు పట్టుకుని రోడ్డు దాటింది. వద్దని సైగ చేశాను. ఆవిడ చూస్తేగా.

"పొద్దుటినుంచీ ఎండలో కూర్చున్నావు నాయనా. నీకు గొడుగు పట్టేవాళ్ళు ఎవరూ లేరా?"

నీళ్ళు తాగాడు. నవ్వలేదు. చెంబు తిరిగిస్తూ నా వైపే చూశాడు.

మార్చి 12. ఎండ.

చైర్మన్ వచ్చాడు. మా ఇంటికి. జీపు వీధి మొదట్లోనే ఆపి నడిచి వచ్చాడు. జనం చూడాలని కాబోలు.

"బాబాయ్! ఎన్నాళ్ళయింది నిన్ను చూసి!"

నా రెండు చేతులూ పట్టుకున్నాడు. మెత్తటి చేతులు. నా కుర్చీలో కూర్చున్నాడు. నేను నిలబడ్డాను. గొడుగు గుమ్మంలో నిలబడ్డాడు, వెలుతురుకి అడ్డంగా.

"పిన్నీ, కాసిని మంచినీళ్ళివ్వు." తాగి, గ్లాసు కింద పెట్టి, "ఆ టైలరమ్మ వచ్చిందటగా" అన్నాడు.

"వచ్చింది."

"పాపం, మొగుడు పోయిన మనిషి. ఆవిడ మీద నాకేం కోపం లేదు బాబాయ్. ఎవరో వెనక ఉండి ఆడిస్తున్నారు. పద్దెనిమిదిన నువ్వు స్టేజీ మీద నా పక్క కుర్చీలో కూర్చోవాలి. ఆవిడ అడుగుతుంది. నేను మైకు నీకిస్తాను. కొట్టాను అను. ఒక్క మాట. నీకెటూ మాటలు తక్కువే."

గొడుగు నవ్వాడు.

"ఆ రోజు మనిద్దరం లేకపోతే ఈ ఊరేది బాబాయ్?"

మనిద్దరం అన్నాడు. పోస్టరు మీద ఒక్కడే ఉన్నాడు.

"ఏడుగురు పోయారు. నిజమే. ఇరవై వేల మంది బతికారు. నేనేమన్నా తప్పు చేశానా, నువ్వే చెప్పు."

నిజంగానే అడిగాడు. కళ్ళలోకి చూసి అడిగాడు. ఆ కళ్ళలో దొంగచూపు ఏమీ లేదు. ఆయన నమ్ముతున్నాడు. అబద్ధమాడే మనిషయితే ఇంత భయం వేసేది కాదు.

లేచి, చెప్పులు వేసుకుంటూ అన్నాడు. "కోడలుపిల్ల పాఠం బాగా చెబుతుందటగా. కాంట్రాక్టు ఈ నెలాఖరుతో సరి. ఫైలు నా బల్ల మీదే ఉంది. చూస్తాలే." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "బీపీ మాత్రలు వేళకి వేసుకో బాబాయ్. తెల్లవి రెండు, పచ్చది ఒకటి."

తెల్లవి రెండు, పచ్చది ఒకటి. నిజమే. ఆయనకి ఎవరు చెప్పారు?

మార్చి 13. ఎండ.

వరద రోజు సైరన్ దగ్గరికి వెళ్ళాను. పిడి పట్టుకున్నాను. చైర్మన్ వచ్చి నా చెయ్యి పట్టుకుని లాగేశాడు. బలమైన మనిషి. నేనేం చెయ్యగలను.

మార్చి 14.

లాగేశాడు. అవును.

మార్చి 15. ఎండ. వడగాలి.

కోడలు అడిగింది. మా అబ్బాయి దూరం బస్సు నడుపుతాడు, నాలుగు రోజులకోసారి ఇల్లు చేరతాడు. ఇంట్లో ఏదైనా అడగాలంటే ఈ పిల్లే అడుగుతుంది.

"మామయ్యా, ఆ రోజు మీరు సైరన్ కొట్టారు కదా?"

నేను చెప్పుకి తెగిన బొటనవేలి ఉంగటం కుట్టుకుంటున్నాను.

"మిమ్మల్నే మామయ్యా."

"ఆయన నోట్లోంచి మాట రావాలంటే గేటు ఎత్తినట్టేనే పిల్లా" అంది మా ఆవిడ. "నలభై చుట్లు తిప్పాలి."

కోడలు నవ్వలేదు. నా ఎదురుగా కింద కూర్చుంది.

"కొట్టారని చెప్పేయండి. నా గదిలో ముప్పై ఎనిమిది మంది పిల్లలు. అక్షరాలు ఇప్పుడిప్పుడే కూడబలుక్కుంటున్నారు. ఒకడు నిన్న బోర్డు మీద తన పేరు రాసి, తనే చదివి, గంతులేశాడు. వాళ్ళని వదిలి నేను పోను."

"అలాగేనమ్మా" అన్నాను.

ఆమె లేచి వెళ్ళింది. మా ఆవిడ వెళ్ళలేదు. చాలాసేపు నా చేతుల వైపు చూస్తూ కూర్చుంది. "సూది చెప్పులోకి కాదు, వేల్లోకి దిగుతోంది" అంది.

మార్చి 16. మబ్బు. తూర్పు గాలి.

ఎవరూ లాగలేదు.

పొద్దున్నే ఇదంతా మొదటినుంచీ చదువుకున్నాను. మూడు రకాలుగా ఉంది. రిజిస్టరు ఇలా మూడు రకాలుగా రాస్తే మా ఇంజనీరు చెవి మెలేసేవాడు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

వరద రోజు మధ్యాహ్నం మూడు గంటలకి మట్టం చూశాను. గట్టు అంచుకి ఇంకా రెండడుగులు. నీళ్ళు అరగంటకి ఆరంగుళాల చొప్పున పెరుగుతున్నాయి. గట్టు దాటాలంటే రెండు గంటలు పడుతుంది. సైరన్ కొట్టి అరగంట ఆగినా ఊరు మునగదు. ఎగువన ఒడ్డు పల్లంగా ఉన్నచోట చైర్మన్ గోడౌన్లు ఉన్నాయి. వాటి మెట్లు అప్పటికే తడుస్తున్నాయి. అరగంట ఆగితే వాటిలోకి నీళ్ళు వెళ్తాయి. అంతే.

ఆయన జీపు దిగి వచ్చాడు. "ఎత్తెయ్ బాబాయ్, ఊరు పోయేట్టుంది" అన్నాడు. నేను సైరన్ పిడి మీద చెయ్యి వేశాను. ఆయన నాకు ఆరడుగుల దూరంలో ఉన్నాడు. చేతులు జేబుల్లో ఉన్నాయి.

"అదిప్పుడు వద్దులే" అన్నాడు.

అరవలేదు. టీలో పంచదార వద్దులే అన్నట్టు అన్నాడు. నేను పిడి మీంచి చెయ్యి తీశాను. చక్రం దగ్గరికి వెళ్ళాను. మూడు పదికి మొదటి చుట్టు. నలభై చుట్లు. లెక్క తప్పకుండా తిప్పాను. అద్దకం షెడ్డు రేకులు కనిపిస్తూనే ఉన్నాయి. కిటికీలో లైటు వెలుగుతోంది. నేను చూశాను. ఆయన అటు చూడలేదు.

మర్నాడు కబురు పంపాడు. గడి ఖాళీగా ఉంటే బాగుండదు అని. ఎండ కాసింది. రాశాను.

ఇన్నేళ్ళూ ఆయన నా చెయ్యి పట్టుకుని ఉంటే బాగుండేదని అనుకున్నాను. అనుకుని అనుకుని, పట్టుకున్నట్టే అయిపోయింది.

ఆయన రేపు పెద్ద కుర్చీ ఎక్కుతాడు. రాష్ట్రంలో ఇలాంటి గేట్లు మూడు నాలుగు వందలు ఉంటాయి. ప్రతి గేటు దగ్గరా నాలాంటి వాడొకడు ఉంటాడు. అరిచే మనిషయితే ఎవడో ఒకడు ఎదురు తిరుగుతాడు. ఈయన అరవడు. జేబుల్లో చేతులు పెట్టుకుని వద్దులే అంటాడు. ఎక్కడో ఒకడు పిడి మీంచి చెయ్యి తీసేస్తాడు.

ఈయనకి ఆ కుర్చీ ఇవ్వకూడదు. నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

భయంగా ఉంది. రాస్తుంటే అక్షరాలు వంకరపోతున్నాయి.

మార్చి 17.

కోడలు పిల్లల కాపీ పుస్తకాలు దిద్దుతోంది. ఒక్కోదాన్లో చుక్క బొమ్మ వేస్తోంది. చూడలేక పెరట్లోకి వెళ్ళాను.

మార్చి 19. ఎండ.

నిన్నటిది రాస్తున్నాను.

హాలు నిండిపోయింది. కిటికీల్లో కూడా మనుషులు. స్టేజీ మీద మూడు కుర్చీలు. చైర్మన్, నేను, మీటింగు నడిపే లైబ్రేరియన్. నాకిచ్చింది మెత్త ఉన్న కుర్చీ. అలాంటి దాన్లో ఎప్పుడూ కూర్చోలేదు, జారిపోతానేమోనని అంచు పట్టుకున్నాను. గొడుగు మెట్ల దగ్గర నిలబడ్డాడు. మా వాళ్ళు నాలుగో వరస. కోడలు నా వైపు చూసి తల ఊపింది.

రోడ్లు, కుళాయిలు, ఆసుపత్రి గురించి నలుగురైదుగురు అడిగారు. చైర్మన్ అందరినీ అక్కా, అన్నా, తమ్ముడూ అని పిలిచి జవాబిచ్చాడు. నాలుగుసార్లు నవ్వించాడు. నాకూ ఒకసారి నవ్వొచ్చింది.

టైలరమ్మ లేచింది. జిరాక్స్ పైకెత్తింది. "మీరు మంత్రి అవుతారంటున్నారు. ఇరవై వేల మందికి కాదు, కోటి మందికి నీళ్ళు వదిలేది మీరే అవుతారు. అందుకే అడుగుతున్నాను. ఆ రోజు సైరన్ ఎందుకు కొట్టలేదు?"

హాల్లో గుసగుసలు. చైర్మన్ నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. "అమ్మా, నేను చెబితే నా గొప్ప చెప్పుకున్నట్టుంటుంది. సైరన్ కొట్టిన మనిషే ఇక్కడున్నాడు. ఆయన్నే అడుగు." మైకు నా చేతిలో పెట్టాడు.

మైకు ఇంత బరువుంటుందని తెలియదు. ఊపిరి అందులోకి పోయి హాలంతా వినిపించింది. కోడలు పెదాలు కదుపుతోంది. కొట్టాను అని చెప్పిస్తోంది, బళ్ళో పిల్లలకి చెప్పించినట్టు.

"కొట్టలేదు" అన్నాను.

చైర్మన్ నవ్వేశాడు. "బాబాయ్ కంగారుపడ్డాడు. జనాన్ని చూస్తే ఆయనకి మొదటినుంచీ భయం." మైకు తీసుకోబోయాడు.

ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో తెలియదు. చెయ్యి బిగుసుకుపోయింది.

"భయమే" అన్నాను. "అయినా కొట్టలేదు. గట్టుకి రెండడుగులు ఖాళీ ఉంది. ఆగొచ్చు. ఈయన వద్దన్నాడు. నేను మానేశాను. మర్నాడు పెన్నుతో రాశాను. అది అబద్ధం."

నా జన్మలో నలుగురిలో అంత పొడుగు మాట మాట్లాడలేదు.

తర్వాత వెనకనుంచి ఎవడో అరిచాడు, "ముసలాయనకి మతి పోయింది, దించండి!" ఇంకొకడు, "ఎవరు నేర్పించారు తాతా?" లైబ్రేరియన్ బల్ల మీద చరిచి, "జవాబు చెబుతారా?" అని చైర్మన్ని అడిగాడు. చైర్మన్ లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు. "పెద్దమనిషి. నా తండ్రిలాంటివాడు. ఏమన్నా పడతాను" అన్నాడు. చప్పట్లు. తర్వాత ఇరవై నిమిషాలు మాట్లాడాడు, వరద గురించే. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నేనక్కడ లేకపోయి ఉంటే నేనూ నమ్మేవాణ్ణి.

ఆ ఇరవై నిమిషాలూ టైలరమ్మ నిలబడే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఇంకెవరూ ఏమీ అడగలేదు.

ఇంటికి నడిచి వచ్చాం.

మార్చి 20. ఎండ. గాలి లేదు.

కిటికీ అద్దం పగిలింది. ఫోన్లో చెబితే, గాలికి అయ్యుంటుంది నాన్నా అన్నాడు మా అబ్బాయి.

గాలి లేదు.

మార్చి 21. ఎండ.

నెలాఖరు దాకా కూడా ఆగలేదు. కోడలికి కాగితం వచ్చింది. రేపటినుంచి రానక్కర్లేదని. బడి బీరువా తాళంచెవి అప్పజెప్పి వచ్చింది. అన్నం పెట్టింది. నా కంచం మెల్లగానే పెట్టింది. నాతో మాట్లాడలేదు.

సాయంత్రం మా ఆవిడ పక్కన వచ్చి కూర్చుంది.

"పందొమ్మిదేళ్ళు నాక్కూడా చెప్పలేదు."

"చెప్పలేదు."

"నిద్రలో చేతులు తిప్పుతుంటే గేటు కలలు కాబోలు అనుకునేదాన్ని."

కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అరుగు మీద ఇవాళ ముగ్గురున్నారు" అంది. "చెంబు సరిపోదు. బిందె తీసుకెళ్ళాలి."

నాకు నవ్వు రాలేదు. ఆవిడకీ రాలేదు.

మార్చి 22. ఎండ.

దిగువ వీధికి వెళ్ళాను. సైకిలు షాపు దగ్గరనుంచి గొడుగు లేచి నా వెనకే నడిచాడు, ఇరవై అడుగుల దూరంలో. ఆగితే ఆగాడు. మలుపు దగ్గర ఆగిపోయాను. గోడ పట్టుకున్నాను. మళ్ళీ నడిచాను.

టైలరమ్మ మిషను ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. ముక్కాలి పీట చూపించింది. కూర్చున్నాను. సారీ చెప్పాలని వెళ్ళాను.

ఆమే అడిగింది. "గేటు దగ్గరనుంచి నీళ్ళు షెడ్డుకి రావడానికి ఎంతసేపు పడుతుంది?"

"పన్నెండు నిమిషాలు."

"అంటే మూడు ఇరవై రెండు."

"అవునమ్మా."

"ఎన్ని గంటలకి పోయాడో ఇన్నేళ్ళూ తెలియదు నాకు. పొద్దున పోయాడా, సాయంత్రం పోయాడా. ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు." కత్తెర తీసి పక్కన పెట్టింది. "షెడ్డు నుంచి గట్టెక్కడానికి ఎంతసేపు పడుతుందో తెలుసా మీకు? రోజూ క్యారియరు తీసుకెళ్ళేదాన్ని. నేను చెప్పనా? మూడు నిమిషాలు."

పీట మీంచి లేవలేకపోయాను. ఆమె తిట్టలేదు. ఏడవలేదు. మిషను తొక్కలేదు కూడా.

కత్తెర మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "ఏడుగురివి అయిదు ఇళ్ళు పెద్దయ్యా. మిగతా నాలుగిళ్ళకీ మీరే వెళ్ళి చెప్పండి. నేను చెబితే రాజకీయం అంటారు."

మార్చి 23. మబ్బు.

ఇవాళ ఒక ఇల్లు. కొడుకు పోయిన ముసలాయన. అంతా విని, "మళ్ళీ చెప్పు" అన్నాడు. మళ్ళీ చెప్పాను.

మార్చి 24.

ఇద్దరు అన్నదమ్ములు పోయిన ఇల్లు. వాళ్ళలో పెద్దవాడి భార్య చీపురు తీసుకుని వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. వీధి చివరిదాకా వెనకే వచ్చి అక్కడ ఏడ్చింది. గొడుగు ఫోన్లో మా ఇద్దరి ఫొటో తీసుకున్నాడు.

ఇంటికొస్తే కోడలు గుమ్మంలో నిలబడి ఉంది. "ఇంకా ఎన్నిళ్ళు?" అంది. నాలుగు రోజుల తర్వాత అదే మొదటి మాట.

"రెండు."

"పొద్దున్నే వెళ్ళండి. ఎండకి తట్టుకోలేరు."

మార్చి 25. ఎండ. గాలి కొద్దిగా.

టైలరమ్మ ఇంటితో కలిపి నాలుగో ఇల్లు. నీలం తలుపు. లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు. "గేటు మనిషినమ్మా" అన్నాను. తీయలేదు. చప్పుడు ఇంకా పెరిగింది. తలుపు కొట్టాను. "మేం ఏమీ వినం, పొండి" అని ఆడగొంతు.

వీధి మొదట్లో గొడుగుతో పాటు ఇంకో ఇద్దరున్నారు. దగ్గరికి వస్తున్నారు. వెనక్కి తిరిగి ఇంటికి పోదామనుకున్నాను, రేపు రావచ్చని. రేపు అనుకుంటే నా సంగతి నాకు తెలుసు.

తలుపు చెక్కకి మొహం ఆనించాను. మూడు గంటలకి గట్టుకి రెండడుగుల ఖాళీ ఉందమ్మా, అని మొదలుపెట్టాను. ఒక్కటీ వదలకుండా చెప్పాను. పన్నెండు నిమిషాల దగ్గరికి వచ్చేసరికి లోపల గిన్నెల చప్పుడు ఆగింది.